మీటింగు రోజు బడికి రాకూడని పిల్ల

ఎర్రిస్వామి సారు పేరెత్తితే ఎమ్మిగనూరు చుట్టుపక్కల పంతుళ్లు ముందు నవ్వుతారు, తర్వాత దండం పెడతారు. పది బళ్ల టీచర్లు నెలకోసారి ఒకచోట చేరి ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవాలని సర్కారు కాంప్లెక్స్ మీటింగని ఒక సంబరం పెట్టింది. జరిగేది మాత్రం సంతకం, టిఫినుకు ఉగ్గాని బజ్జీ, ఫొటో. నడుమ ఎవరో ఒకరు నమూనా పాఠం చెప్పాలి. పదకొండేళ్లుగా ఆ ఒకరు మన సారే. ఆయన పేరూ పరువూ అంతా ఆ పాఠం మీదే.

అదేమన్నా బ్రహ్మవిద్యా? వారం ముందునుంచి పిల్లలకు అవే లెక్కలు, అదే వరుసలో బట్టీ. లెక్కలు రాని పిల్లలకు ముందురోజే, "రేపు మీరు రావద్దండప్పా" అని చెప్పేయడం. అందరూ చేసే పనే. ఈయన కాస్త శుభ్రంగా చేస్తాడు.

ఈసారి మీటింగు ఆయన బడిలోనే. మూడో తరగతి ఈరమ్మకూ రావద్దనే చెప్పాడు. అమ్మానాన్నల వెంట గుంటూరు మిరపకోతలకు పోయి మూడు నెలలు బడి పోగొట్టుకున్న పిల్ల. అయినా వచ్చి వెనక వరుసలో కూర్చుంది. ఆ రోజు భోజనంలో గుడ్డుంది మరి!

సారు బోర్డు మీద నలభై రెండు, దాని కింద పదిహేడు రాశాడు. ఇంకా గీత కొట్టనే లేదు, "ఇరవై ఐదు సార్!" అని క్లాసంతా అరిచింది. బజ్జీ తింటున్న అరుణ టీచరుకు పొలమారింది. ఆమె కిందటేడే ఉద్యోగంలో చేరింది, ప్రశ్నలడిగే జబ్బు ఇంకా తగ్గలేదు.

"సార్, ఆ వెనకాల పాపను అడగండి."

ఈరమ్మ లేచింది. "ముప్పై ఐదు సార్. ఏడులో రెండు పోతే ఐదు, నాలుగులో ఒకటి పోతే మూడు."

"రెండులోంచి ఏడు పోదు గదమ్మా! పక్కనుంచి పది తెచ్చుకో."

"పది యాడుంది సార్? ఆడుండేది నాలుగే గదా!"

సారు మళ్లీ చెప్పాడు. ఇంకోసారి గొంతు పెంచి చెప్పాడు. ఇన్నేళ్ల సర్వీసులో ఆ నాలుగు సంగతి ఎవరికీ విడమరచి చెప్పలేదని అప్పుడు తెలిసొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాడు పాపం.

ప్రమీల టీచరు లేచింది. ఆమె కర్ణాటక సరిహద్దున హొళగుందలో కన్నడ పిల్లలకు చెప్పి వచ్చిన మనిషి. నోటిమాట పనిచేయని చోట ఏం చేయాలో ఆమెకు తెలుసు.

"మాటల్తో కాదులే అన్నా, రవ్వంత జరుగు."

చీపురుపుల్లలు విరిచి, పదేసి రబ్బరు బ్యాండుతో కట్టింది. నాలుగు కట్టలు, రెండు విడిపుల్లలు ఈరమ్మ ముందు పెట్టి, "పదిహేడు నాకియ్యి" అంది. ఈరమ్మ ఒక కట్ట ఇచ్చింది, రెండు విడిపుల్లలూ ఇచ్చింది, ఆగింది. ఇంకో కట్ట తీసి పళ్లతో రబ్బరు తెంపేసింది. ఐదు పుల్లలిచ్చి, మిగిలినవి లెక్కపెట్టుకుంది.

"ఇరవై ఐదు! సార్, ఆ నాలుగు నాలుగు కాదు సార్, నాలుగు కట్టలు!"

అందరూ చప్పట్లు కొట్టారు. పిల్లకు ధైర్యం వచ్చింది.

"నాకొచ్చేసింది గదా సార్. ఇంక మీటింగు రోజు గూడా బడికి రావచ్చునా?"

ఇరవైమంది పెద్దలు బజ్జీల పళ్లెంలోకి చూస్తూ కూర్చున్నారు.

"రావల్లమ్మా," అన్నాడు సారు. తర్వాత టీచర్లవైపు తిరిగాడు. "మళ్లీ నెల నమూనా పాఠం లేదు. మీరు ఇంట్లో ఉండమన్న పిల్లలందర్నీ పిల్చుకోని రాండి."

"అందర్నీ తెస్తే ఈ గది చాలదు సార్," అంది అరుణ.