మొదటి బోల్టు నాతోనే విప్పించాడు

ఈ రోజు మదనపల్లెలో మా ఆటోమేటిక్ కారుకు గేర్ ఆయిల్ మార్పించడానికి వెళ్లాను. రెండు లక్షల కిలోమీటర్లు దాటిన బండి. ఆ ఆయిల్ ఎప్పుడైనా మార్చారో లేదో పాత ఓనర్‌కే తెలియదు. వారం నుంచి గేరు మారినప్పుడల్లా వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఎగురుతోంది.

మెకానిక్ ఆయిల్ కడ్డీ బయటికి తీసి వాసన చూశాడు.

"మార్చకుంటే గేర్‌బాక్స్ పోతాదప్పా. మార్చినా పోయేదానికి ఉండాది. ఆ మడ్డితోనే లోపల ప్లేట్లు పట్టుకోనుండాయి. కొత్తది పోస్తే పట్టు జారినా జారొచ్చు."

"మరేం చేద్దామన్నా?"

"బండి నీది. నువ్వే చెప్పల్ల."

రేపు పొద్దున కుప్పం ఆస్పత్రి నుంచి మా చెల్లెలినీ పసిబిడ్డనూ ఈ కారులోనే పుంగనూరు తీసుకురావాలి. "మార్చెయ్" అన్నాను. వెంటనే స్పానర్ నా చేతిలో పెట్టాడు. బాగా తిరిగిన బండైతే మొదటి బోల్టు ఓనరే విప్పాలట, ఆ షెడ్డులో అదే ఆచారం. రేపు ఏమైనా అయితే తన చెయ్యి ముందు పడలేదని చెప్పుకోవచ్చన్నమాట! కారు కిందికి దూరి విప్పాను. డికాక్షన్ లాంటి ఆయిల్ మోచేతి దాకా కారింది.

కొత్త ఆయిల్ పోశాక బండి కుదుపు లేకుండా కదిలింది. నేను సంతోషపడేలోపే ఆయన కిటికీ దగ్గరికి వచ్చి, "ఫోన్లో ఛార్జింగ్ ఉండాది గదా?" అని అడిగాడు.

పుంగనూరు దాకా బాగానే వచ్చింది. ఇప్పుడు ఇంటి ముందు ఉంది. బాగుపడిందో, రేపటి కోసం ఓపిక పట్టిందో తెలియడం లేదు. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. తెలియకపోతే, రేపు కుప్పం రోడ్డులో వెళ్లేవాళ్లు కాస్త నెమ్మదిగా వెళ్లండి. మేము చెయ్యి ఊపుతూ ఉండొచ్చు.