వినబడని మాటకు స్తోత్రం

మక్తల్‌లో చాలా ఏళ్లు నాకు పిండి గిర్ని ఉండేది. పొద్దంతా ఆ మోతలోనే నిలబడి, వచ్చినవాళ్ల పెదవులు చూసి జొన్నలో గోధుమలో తెలుసుకునేవాణ్ణి. గిర్ని అమ్మేశాక చెవుల్లో కీచురాళ్ల కూత మొదలైంది. అన్నం తింటున్నా, పడుకున్నా ఆగేది కాదు. ఆ కూత వెనకాల మనుషుల మాటలు పలచబడుతూ వచ్చాయి. ముఖ్యంగా ఆడవాళ్లు మాట్లాడితే మాట మొదలు వినబడేది, చివర అందేది కాదు.

ఈ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు. మా నాయినను ఊళ్లో చెవిటోడనే పిలిచేవాళ్లు. పిల్లలు వెనక నుంచి కేకవేసి, ఆయన తిరక్కపోతే నవ్వేవాళ్లు. ఆ పేరు నాకు రాకూడదని ఎవరేమన్నా తల ఊపేవాణ్ణి, ఎదుటివాళ్లు నవ్వితే నవ్వేవాణ్ణి. టీవీ అంత గట్టిగా ఎందుకని ఆమె కసిరితే, స్పీకర్ చెడిపోయిందన్నాను.

మా చర్చిలో ఆరాధన చివర ఎవరి కష్టం వాళ్లు లేచి చెప్పుకుంటే, సంఘ పెద్దనైన నేను వాళ్లకోసం ప్రార్థన చేసేవాణ్ణి. ఒక ఆదివారం మా వీధి కోడలు ఒకామె లేచింది. పెళ్లయిన ఎన్నో ఏళ్లకు ఆమె నెల తప్పిందని నా భార్య ఆ మధ్యే చెప్పింది. ఆ పిల్ల తల వంచుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అన్నది. పైన ఫ్యాన్ల చప్పుడు, లోపల చెవుల కూత. ‘కడుపు’ అన్న ఒక్క మాటే అందింది. మిగతాది నేనే ఊహించుకున్నాను.

“ప్రభువా, ఈ బిడ్డ కడుపు పండించినందుకు నీకు స్తోత్రం” అని చేతులెత్తి, గొంతు పెంచి మొదలుపెట్టాను. తల్లినీ బిడ్డనూ కాపాడమన్నాను. అలవాటు కొద్దీ ఇద్దరు ముగ్గురు ఆమెన్ అన్నారు. తర్వాత ఎవరూ అనలేదు.

కళ్లు తెరిచేసరికి ఆమెను వాళ్ల అత్త పట్టుకుని బయటికి నడిపిస్తోంది. నా భార్య లేచి వచ్చి నా మీద అరిచింది.

“కడుపు నిలువలేదని చెప్పింది గా పిల్ల! నువ్వేం జేస్తున్నవ్?”

ఆ అరుపు అందరూ విన్నారు. ఎత్తిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

ఇంటికొచ్చాక నా భార్యకు అంతా చెప్పేశాను. ఆమె తిట్టలేదు.

“పిలిస్తే పలుకకపోతే నా మీద కోపమేమో అనుకున్న గదా ఇన్ని రోజులు” అన్నది. తిట్టినా బాగుండేది.

మర్నాడు ఇద్దరం ఆ పిల్ల ఇంటికి పోయాం. ఆమె మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది.

“తప్పయింది బిడ్డా. నాకు చెవులు సరిగ్గ వినబడయి” అన్నాను.

ఆమె నా వైపు తిరిగి, ఒక్కో మాటా విడిగా పలికింది. “వినబడకుంటే మళ్లొకసారి చెప్పుమనాలె గద పెద్దయ్యా. చెప్పేదాన్ని గద.”

వాళ్ల అత్త చాయ్ ఇస్తే తల ఎత్తకుండా తాగి వచ్చాను.

తర్వాత మహబూబ్‌నగర్ దవాఖానలో చూపించుకుంటే చెవికి మిషన్ పెట్టారు. కూతకు మాత్రం మందు లేదు, అలవాటు చేసుకోమన్నారు. ఆ వచ్చే ఆదివారం చర్చిలో నిలబడి, “నాకు చెవుడు వచ్చింది. ఏం చెప్పినా జర గట్టిగ చెప్పుండ్రి” అన్నాను. వెనక వరసలో పిల్లలు నవ్వారు.

ఇప్పుడు జ్వరాలు, బోర్లలో నీళ్లు, కొడుకుల నౌకర్లు, అన్నీ నా ముఖం ముందు నిలబడి గట్టిగానే చెబుతారు. గట్టిగా చెప్పలేనివి మాత్రం ఇంకో సంఘ పెద్ద దగ్గరికి తీసుకుపోతారు. ఆ పిల్ల ప్రతి ఆదివారం ఎదురుపడి వందనాలు అంటుంది, నాకు వినబడేలా. ప్రార్థన చేయమని మాత్రం మళ్లీ ఎన్నడూ అడగలేదు.