గుంజి చూసిన తాళం

ఆ రోజు ప్రిన్సిపాల్ గదిలో చెప్పాల్సిన మాట నేను చెప్పలేదు.

ఇబ్రహీంపట్నంలో మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసే అక్కకు, తాళం వేశాక గుంజి చూడటం అలవాటు. అందరి లాగిన్లూ ఉండే డైరెక్టరీ సర్వర్‌లో లోపముందని ఆమే కనిపెట్టి, ల్యాబ్ ఇన్‌ఛార్జినైన నాకు చెప్పింది.

"ల్యాబ్‌ల కూసున్నోళ్లు ఎవరైనా అడ్మిన్ పాస్‌వర్డ్ చూడొచ్చు సార్. మీరు ఊఁ అంటే సరిచేస్త."

"బయటోళ్లు రాలేరు గదా. లోపలున్నది మన పిల్లలే. నీకు తాళాల పిచ్చి అక్కా," అని నవ్వాను.

తర్వాత ఎవరో ఆ అడ్మిన్ పాస్‌వర్డ్‌తోనే మార్కులు మార్చారు. ప్రిన్సిపాల్ మా ఇద్దరినీ తన గదికి పిలిచి, పాస్‌వర్డ్ ఆమే ఇచ్చిందన్నాడు, నీకేమైనా తెలుసా అని నన్నడిగాడు. ఆమె నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. ఆమె ఉద్యోగం పోయింది.

మొన్న ప్రిన్సిపాల్‌కు నిజం చెప్పి, బస్ డిపో ఎదురుగా ఆమె నడిపే జిరాక్స్ షాపుకు వెళ్లాను. షట్టర్ తాళం గుంజి చూస్తోంది.

"బంద్ చేసిన సార్, రేపు రాండ్రి."

"జిరాక్స్‌కు రాలేదక్కా. నువ్వు ముందే చెప్పినవ్. నేనే వినలే, ప్రిన్సిపాల్ అడిగిన నాడు చెప్పలే. మాఫ్ చెయ్యి."