హన్మవ్వ పేరు పడిన చీటీ

బోధన్‌లో మోషే రేడియోలు బాగుచేస్తూ కంప్యూటర్ల పనిలోకి వచ్చాడు. పుస్తకాలు తెచ్చుకుని సొంతంగా నేర్చుకున్నాడు. 2001లో ఒక డ్రైవర్ రాశాడు. కంప్యూటర్‌కూ ప్రింటర్‌కూ మధ్య నిలబడి తెలుగు అక్షరాలు అచ్చువేయించే చిన్న ప్రోగ్రాం అది. బోధన్, నిజామాబాద్‌లలో రక్తం, తెమడ పరీక్షలు చేసే ఐదు కేంద్రాలు దాన్ని పెట్టుకున్నాయి. జనం తమ రిపోర్టు తామే చదువుకుంటున్నారని మోషేకు లోలోపల గర్వంగా ఉండేది.

ఆ ఎండాకాలం ఒక కేంద్రం యజమాని బాపురావు కబురుపెట్టాడు. షుగర్ పరీక్షకు వచ్చిన ఒకామె చీటీ చేతికిచ్చాడు. పైన ఆమె ఫలితం సరిగానే ఉంది. అడుగున వేరే మనిషివి రెండు వరుసలు పడ్డాయి: హన్మవ్వ. తెమడ పరీక్షలో క్షయ ఉంది.

"ఇద్దరు ఒక్క బీడీల కార్ఖానల చేస్తరు. చీటీ అందరు సదివిండ్రు," అన్నాడు బాపురావు. "మిషన్ ఖరాబైందని చెప్పిన."

మోషే అక్కడే కూర్చుని తన ప్రోగ్రాం మొత్తం చదివాడు. మధ్యాహ్నానికి తప్పు దొరికింది. రిపోర్టు ఎంత పొట్టిదైనా డ్రైవర్ మెమరీలోంచి పేజీ నిండా చదివేస్తోంది. అంతకు ముందు మనిషివి అందులో మిగిలి ఉంటే అవీ అచ్చవుతున్నాయి. రిపోర్టు ఉన్నంత మేరకే చదవాలని, పనయ్యాక మెమరీ తుడిచెయ్యాలని నాలుగు వరుసలు చేర్చాడు. పొడుగు రిపోర్టు వెంట పొట్టిది పెట్టి యాభై కాగితాలు తీసి చూశాడు. ఒక్క అక్షరం ఎక్కువ పడలేదు.

"అయిపాయె గద. ఇగ ఎవ్వరికి చెప్పకు," అన్నాడు బాపురావు.

మోషే తిన్నగా హన్మవ్వ ఇంటికి వెళ్లాడు. కార్ఖానాలో పక్కన కూర్చోనివ్వడం లేదని ఆమె అరుగు మీద ఒక్కతే బీడీలు చుడుతోంది.

"అవ్వా, మిషన్‌ది కాదు, తప్పు నాది," అని జరిగింది చెప్పాడు.

ఆమె చేతులు ఆపలేదు. "జబ్బుకు గోలీలు మింగుతున్న, తక్కువైతది. నా కోడలు గ్లాసు వేరే పెట్టింది కొడుకా. గదెట్ల తక్కువ జేస్తవు?"

మోషే అరుగు అంచున కూర్చున్నాడు.

"ఇంకెవ్వలికి గిట్ల కాదు గద?" అని ఆమే అడిగింది.

"ఇంక నాలుగు జాగలల్ల ఉన్నదవ్వా."

"మరి ఈడ కూసున్నవేంది?"

మర్నాటికల్లా మోషే నాలుగు కేంద్రాలూ తిరిగి, తప్పు దాచకుండా చెప్పి, ప్రోగ్రాం మార్చాడు. ఇద్దరు యజమానులు అతని డ్రైవరే తీసేసి ఇంగ్లిషు రిపోర్టులకు మళ్లారు. మోషే కాదనలేదు.

ఎనిమిది నెలలకు హన్మవ్వ జబ్బు నయమైంది. మళ్లీ కార్ఖానాకు వెళ్లింది. తలుపు దగ్గర, విడిగా కూర్చుంది.