నైట్ డ్యూటీ ఇంటి పిల్లాడు

మా మనవడికి రెండున్నరేళ్లు. కోడలు బడిలో టీచరు. నా మోకాళ్లు వాడి వెనక పరిగెత్తలేవు. అందుకని ఈ హిందీవాళ్ల ఊళ్లో, రిసాలిలో మా ఇంటికి దగ్గరున్న క్రెష్‌లో వేశాం. అక్కడ వాడు పక్క పిల్లల్ని కొరకడం మొదలుపెట్టాడు.

కొరికినప్పుడల్లా వాణ్ని మూల కుర్చీలో కూర్చోబెట్టి కోడలికి ఫోను చేసేవారు. అది పాఠం మధ్యలో వదిలి ఆటో ఎక్కి వచ్చేది. ఆ ఆటో డబ్బులతో రెండు పూటల కూర వస్తుంది. ఎందుకు కొరికాడని అడిగితే ఒక్కరూ చెప్పేవారు కాదు. చివరికి, ఇంకోసారి కొరికితే తీసుకురావద్దన్నారు. అంటే కోడలు ఉద్యోగం మానుకోవాలి.

ఆ సాయంత్రం కోడలు పిల్లాణ్ని ఒళ్లో వేసుకుని ఏడ్చింది. "మనవాడొక్కడే రాక్షసుడా అత్తయ్యా?"

అప్పుడే మా అబ్బాయి నిద్ర లేచి వచ్చాడు. వాడిది ఆ వారం నైట్ డ్యూటీ. పిల్లాడు తండ్రి మెడకు చుట్టుకుని, వాడు ఉక్కు ప్లాంటుకు బయల్దేరేదాకా దిగలేదు. ఆ తర్వాతా ఎంతకీ పడుకోలేదు. పిల్లాడి ఎర్రటి కళ్లు చూస్తుంటే నాకు ఈ ఊళ్లోనే ఉన్న పాత కార్మికుల బస్తీ, క్యాంప్ వన్ గుర్తొచ్చింది.

విజయనగరం వైపు నుంచి వచ్చి మేం మొదట కాపురం పెట్టింది అక్కడే, ఒంటిగది ఇంట్లో. ఎవరింటి మగవాడు ఏ షిఫ్టులో ఉన్నాడో గల్లీ అంతటికీ తెలుసు. నైట్ చేసొచ్చిన మనిషి పడుకుంటే ఆ గుమ్మం ముందు ఎవరూ గిన్నె చప్పుడు కూడా చేసేవారు కాదు. ఎండాకాలం తలుపుకు తడిచీర కట్టేదాన్ని. ఎదురింటి ముసలమ్మ తనే వచ్చేది.

"ఓలమ్మీ, నీ పెనిమిటిది నైటు కదేటి? గుంటణ్ణి ఇలాగియ్యి. ఈ వారం ఆడు కరుత్తాడు, నాకు తెల్దేటి?"

కరిచాడు కూడా మా అబ్బాయి, ఆమె చేతినే. "పళ్లు గట్టివేనే!" అని నవ్వి, నోట్లో బెల్లం ముక్క పెట్టి, పొద్దున్నే జోకొట్టి పడుకోబెట్టింది. బెల్లం దండగని నాకు ఒళ్లు మండింది. నైట్ వారంలో పిల్లల తప్పులు ఆ గల్లీలో ఎవరూ పట్టించుకునేవారు కాదు.

"ఏడిసింది సాలు," అన్నాను కోడలితో. "కిందటిసారి కరిసినప్పుడు ఆడి నాన్నది ఏ డూటీ?"

వేళ్ల మీద వారాలు లెక్కపెట్టింది. "నైటే అత్తయ్యా. అంతకుముందూ నైటే."

మర్నాడు క్రెష్‌కి వెళ్లి నాకొచ్చిన హిందీలో చెప్పాను, నైట్ వారంలో వీడికి రాత్రి నిద్ర ఉండదు, నిద్ర చాలకే కొరుకుతున్నాడు, పొద్దున్నే కాసేపు పడుకోనివ్వమని.

"ఆంటీజీ, ఇక్కడ సగంమంది నాన్నలు షిఫ్టుల్లోనే ఉన్నారు. ఎవరిదని గుర్తుపెట్టుకోను? పిల్లలందరికీ ఒకటే టైము," అంది క్రెష్ మేడమ్ హిందీలో.

"మా గల్లీలో గుర్తెట్టుకునేవారమ్మా," అని తెలుగులోనే అనేసి వచ్చేశాను.

ఇప్పుడు నైట్ వారమంతా వాడు నా దగ్గరే. వరండా గేటుకు పాత చీర అంచు కట్టేస్తాను, ఎక్కడికీ పరిగెత్తలేడు. ఎండెక్కకముందే నిద్రపోతాడు. లోపలి గదిలో తండ్రి, నా పక్కన వీడు. మిగతా వారాలు క్రెష్‌కి వెళ్తాడు, ఫోన్లు లేవు. కోడలి ఉద్యోగం నిలిచింది. ఫీజు మాత్రం రాని వారానికీ తీసుకుంటారు. అది నాకు మింగుడుపడదు.

నిన్న అన్నానికి లేపితే నా ముంజేతిని కొరికాడు. బెల్లం డబ్బా తీశాను. చిన్న ముక్కే.