మోషే మేస్త్రీ ఐదు నిమిషాలు

మోషే మేస్త్రీకి లోకంలో ఒక్కటే సత్యం: బరువు దించినవాడు ఐదు నిమిషాలు కూర్చోవాలి. నాలుగు కాదు, ఆరు కాదు. లారీవాడు హారను మోగించినా, మిల్లు యజమాని నెత్తి కొట్టుకున్నా, ఆకాశం ఉరిమినా ఆ ఐదు నిమిషాలు ఆయన ఎవరికీ వదిలేవాడు కాదు.

నేను బతుకులో తొమ్మిది ఊళ్ళు తిరిగి పదకొండు ఉద్యోగాలు చేశాను. ఎక్కడా ఏడాదికి మించి కాలు నిలవలేదు. నంద్యాలలో మాత్రం, డెబ్బై ఐదు నుంచి డెబ్బై తొమ్మిది దాకా, మాధవయ్య గారి బియ్యం మిల్లులో గుమాస్తాగా నాలుగేళ్ళు ఆగిపోయాను. దానికి కారణం మోషే. దేశాలు తిరిగిన యాత్రికుల గురించి చదివాను, ఎడారి దాటిన ఒంటెల గురించి చదివాను, నావికుల గురించి చదివాను. ఎలా నడవాలో అందరూ రాశారు. ఎలా కూర్చోవాలో ఒక్కడూ రాయలేదు. అది నాకు మోషే దగ్గరే దొరికింది.

ఆయన మిల్లులో హమాలీ జట్టుకు మేస్త్రీ. తనతో కలిపి తొమ్మండుగురు. వయసు యాభై దాటింది గాని, మెడ తలకంటే లావు. డెబ్బై ఐదు కిలోల వడ్లమూటను వీపు మీద వేసుకుంటే పెళ్ళికి కండువా వేసుకున్నట్టుండేది. మనిషికి మూడు మూటలైతే ఒక వాయి. బూరెలు వేయించే వాళ్ళ మాట అది, ఆయన మూటలకు వాడేవాడు. వాయి కాగానే గోడ పక్కన చతికిలబడి, ఒక పాత టైంపీసును ఎదురుగా పెట్టుకుని, "కూకోండప్పా" అనేవాడు.

హమాలీలలో ఒక కట్టుబాటు ఉండేది. మేస్త్రీ నిలబడి ఉండగా జట్టులో ఎవడూ కూర్చోకూడదు. కూర్చున్నవాడికి మరునాటి నుంచి జట్టులో చోటు లేదు. మేస్త్రీ కూర్చుంటే మాత్రం అందరూ కూర్చోవచ్చు. అందుకని మిగతా జట్లలో మేస్త్రీలు టెలిఫోను స్తంభాల్లా నిలబడి ఉండేవారు. మోషే ఒక్కడే అందరికంటే ముందు కూలబడేవాడు.

జట్టులో దీనికి అందరికంటే ఎక్కువ సణిగేవాడు ఓబయ్య. ఇరవయ్యేళ్ళుగా మిల్లులో ఉన్నవాడు, బక్కమనిషి, నోరు మాత్రం లారీ అంత.

"ఏంది మేస్త్రన్నా, మళ్ళానా? ఇప్పుడే గదా కూకోని లేస్తిమి!"

"రాయికి తొందరల్యా, మూటకు తొందరల్యా. నీకెందుకురా?"

"జనం నవ్వుతాండారన్నా."

"నవ్వనీ. నవ్వే దానికీ ఊపిరి కావాల్సిందే."

ఈ ఐదు నిమిషాలు మిల్లు గేటు దగ్గర ఆగిపోయేవి కావు. చర్చిలో అందర్నీ నిలబెట్టి పాస్టరు గారు చేసే ప్రార్థన నలభై నిమిషాలు సాగితే, మోషే వెనక వరసలోంచి, "అయ్యగారూ, రెండు వాయిలైంది. అందర్నీ కూకోబెట్టండి. ఆరు దినాలు పని చేసి దేవుడే ఏడో దినం కూకున్యాడు గదా" అన్నాడు. తరువాతి వారం ప్రార్థన పది నిమిషాల్లో ముగిసింది. సంఘంలో ఆడవాళ్ళంతా మోషేకు పలావు పంపారు.

ఇంట్లో ఈ సిద్ధాంతం ఆయనకే ఎదురు తిరిగింది. భార్య హన్నమ్మ తిట్లు అందుకుంటే మోషే చెయ్యెత్తి, "వాయి అయ్యింది. ఐదు నిమిషాలు" అనేవాడు. ఆమె నిజంగానే ఆగేది. మంచినీళ్ళు తాగేది, కొంగుతో మొహం తుడుచుకునేది. ఐదు నిమిషాల తర్వాత కొత్త బలంతో, పదేళ్ళ కిందటి విషయాలు కూడా గుర్తు తెచ్చుకుని మొదలుపెట్టేది. "చూసినారా సారూ, రెస్టు తీసుకుంటే మనిషికి ఎంత శక్తి వస్తాదో!" అని మోషే నాకు ఆమెనే సాక్ష్యంగా చూపించేవాడు.

ఊళ్ళో కుర్రకారు కొందరు పండక్కి గుండు ఎత్తే పోటీ ఉందని ఆయన దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చారు. పెరట్లో గుండ్రటి బండరాయి ఉండేది. గంటసేపట్లో దాన్ని ఒక్కొక్కడు నాలుగుసార్లు ఎత్తాడు, మిగతా కాలమంతా కూర్చున్నాడు. వారం తిరిగేసరికి అందరూ మానేశారు. "బరువెత్తేది నేర్పమంటే కూకునేది నేర్పుతాడు" అని ఊరంతా చెప్పారు. మోషే దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాడు.

"ఈ ఐదు నిమిషాల లెక్క నీకెవరు చెప్పినారు మేస్త్రీ?" అని ఒకసారి అడిగాను.

"పుస్తకంలో ఉండాది సారూ. ఇంగ్లీషు పుస్తకం."

నాకు పుస్తకమంటే ప్రాణం. తెచ్చి చూపించమన్నాను. నూనె మరకలతో నల్లబడిన పది పేజీల పుస్తకం తెచ్చాడు. చేలల్లో నీళ్ళు తోడే ఆయిలింజనుతో పాటు ఇచ్చేది. ఎంతసేపు నడిపితే ఎంతసేపు ఆపి చల్లార్చాలో అందులో ఉంది.

"ఇది ఇంజనుకు గదా మేస్త్రీ!"

"ఎన్ని గుర్రాల ఇంజను?"

"ఐదు."

"ఐదు గుర్రాలకే రెస్టు కావాలంటే, ఒక్క మనిషికి వద్దా?"

నేను పుస్తకం మూసి ఇచ్చేశాను. ఇంతకంటే గట్టి వాదన నేను చదివిన గ్రంథాలలో లేదు.

డెబ్బై ఎనిమిది ఏప్రిల్లో మాధవయ్య గారికి ఓర్పు నశించింది. ఆళ్ళగడ్డలో ఆయన గోడౌను ఒకటి ఉండేది. అక్కడి జట్టు మేస్త్రీ వెంకటేశ్వర్లు. ఆ జట్టు పొద్దున ఎక్కితే మధ్యాహ్నం దాకా నడుము వంచే ఉంటుందని పేరు. మాధవయ్య గారు మోషేను పిలిచి, "ఆళ్ళగడ్డలో పందెం పెడతాండా. చెరి రెండు లారీలు, చెరి రెండొందల డెబ్బై మూటలు. ఎవరు ముందు నింపితే నంద్యాల మిల్లు పని వాళ్ళది. ఓడితే నీ జట్టంతా ఇంటికి పోయి తీరిగ్గా కూకోండి" అన్నాడు.

"కూకోనే ఎత్తుతాం సావుకారీ."

"ఈ ఒక్కనాడైనా కూకోకుండా ఎత్తవా?"

"కూకోకుంటే నేను మోషేనే కాదు."

ఎనిమిది కుటుంబాల కూడు ఆ పందెం మీద పడింది, తొమ్మిదోది ఆయనదే. హన్నమ్మ నా దగ్గరికొచ్చి, "మీరైనా చెప్పండి సారూ, ఆయప్పకు రెండు గంటలు నిలబడితే కాళ్ళేమన్నా ఇరుగుతాయా?" అంది. చెప్పాను. "సారూ, మీరు మూడేళ్ళుగా ఈడ కూకున్యారే, మిమ్మల్ని ఎవరన్నా అడిగినారా?" అన్నాడు మోషే.

ఆళ్ళగడ్డ గోడౌను ముందు ఆనాడు తిరునాళ్ళలా జనం. వెంకటేశ్వర్లు జట్టు చెక్క పలక మీద పరుగెత్తి లారీ ఎక్కింది. మన జట్టు మూడేసి మూటలు వేసి, టైంపీసు ముందు వరసగా కూర్చుంది.

"నంద్యాలోళ్ళు ఫోటోకు కూకున్యారప్పా!" అని ఎవరో అరిచారు.

"వాళ్ళకు విస్తరాకులు వెయ్యండ్రా!" అన్నాడు మరొకడు.

మోషే వాళ్ళకు చెయ్యి ఊపాడు. మూడో వాయికి ఆళ్ళగడ్డ వాళ్ళు నలభై మూటలు ముందున్నారు. మాధవయ్య గారు నవ్వుతున్నారు. ఐదో వాయికి ఎండ నెత్తికెక్కింది, పలక మీద పరుగు నడకయింది. ఏడో వాయికి నడక పాకుడయింది. తొమ్మిదో వాయి ముగిసేసరికి మన జట్టే పది మూటలు ముందుంది. ఇంక మిగిలింది ఒక్క వాయి. జనం ప్లేటు ఫిరాయించి "మోషే! మోషే!" అని అరవడం మొదలుపెట్టారు.

మోషే మూట దించి, గోడ పక్కన కూర్చున్నాడు.

"అయ్యో, ఒక్కటే వాయి గదన్నా!" జట్టువాళ్ళే మొత్తుకున్నారు.

"ఐదు నిమిషాలు."

ఐదు నిమిషాలు గడిచాయని నాకు తోచింది. ఏడూ గడిచాయి. ఆయన లేవలేదు. ఆళ్ళగడ్డ జట్టు ఈడ్చుకుంటూ దాటిపోతోంది. మాధవయ్య గారు చేతిగడియారం చూపిస్తూ వచ్చి, "పది నిమిషాలైంది! గుమాస్తా, ఆ టైంపీసు చూసి చెప్పు!" అని నన్ను గద్దించారు.

టైంపీసు చేతిలోకి తీసుకున్నాను. ముళ్ళు పదీ ఇరవై దగ్గర ఉన్నాయి. చెవి దగ్గర పెట్టుకున్నాను. చప్పుడు లేదు. అది ఎన్నాళ్ళ కిందట ఆగిపోయిందో!

తలెత్తి చూస్తే మోషే నావంక చూడటం లేదు. జట్టు చివర్న, మూటల చాటున కూర్చున్న ఓబయ్యను చూస్తున్నాడు. ఓబయ్య నోరు తెరుచుకుని ఉంది, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, ఊపిరి పిల్లికూతలా వస్తోంది. ఇరవయ్యేళ్ళ తవుడు దుమ్ము. అతను ఒక్కడే కూర్చుంటే రేపటి నుంచి జట్టులో చోటు లేదు. అందరూ కూర్చుంటే ఎవరు ఎందుకు కూర్చున్నారో ఎవరికీ తెలియదు. ఆ పిల్లికూత ఆగేదాకా నడిచే కాలానికి మోషే పెట్టిన పేరు ఐదు నిమిషాలు.

"ఎన్ని నిమిషాలైంది సారూ?" అన్నాడు మోషే మెల్లగా.

"మూడే అయింది" అన్నాను.

"నా వాచీలో పది దాటింది గదయ్యా!" అని మాధవయ్య గారు కేకపెట్టారు.

"మీది ఫారిన్ వాచీ సావుకారీ, బిరబిరా పరిగెత్తుతాది" అన్నాను. నా పదకొండు ఉద్యోగాలలోనూ నేను చేసిన మంచి పని అదొక్కటే.

ఓబయ్య ఊపిరి కుదుటపడ్డాక మోషే లేచాడు. ఆరు మూటల తేడాతో ఓడిపోయాం.

మాధవయ్య గారు మీసం తడుముకుని, "వెంకటేశ్వర్లూ! రేప్పొద్దున ఆరింటికి నంద్యాల మిల్లుకు రండి. మూడు లారీల వడ్లు దిగుతాయి" అన్నారు. వెతికితే వెంకటేశ్వర్లు గోడౌను అరుగు మీద వెల్లకిలా పడి ఉన్నాడు. చుట్టూ ఎనిమిదిమంది అదే భంగిమలో ఉన్నారు.

"నంద్యాల మాకొద్దు సావుకారీ."

"గెలిచినారు గదరా!"

"గెలిచినాం. ఇప్పుడు మమ్మల్ని ఎవరన్నా ఇండ్లకు మోసకపోతే సాలు." తల తిప్పి, "మోషేన్నా, నీ గడియారం యాడ కొన్న్యావ్?" అన్నాడు.

మాధవయ్య గారు ఆ తొమ్మండుగురి వంక చూశారు, నిలబడి కబుర్లు చెప్పుకుంటున్న మన తొమ్మండుగురి వంక చూశారు.

"సరేలే, రేపు మీరే రండి. కానీ ఐదంటే ఐదే నిమిషాలు. నా వాచీ చూసి!"

"నా గడియారం చూసి సావుకారీ. ల్యాకుంటే మూడు లార్లూ మీరే దింపుకోండి."

ఆయన ఫారిన్ వాచీ జేబులో పెట్టుకున్నారు.

ఖాళీ లారీలో నంద్యాలకు తిరిగి వస్తుంటే ఓబయ్య నా పక్కకు జరిగి, గొంతు తగ్గించి చెప్పాడు.

"సారూ, మేస్త్రన్న పనైపోయింది."

"ఏం?"

"చూడల్యా? ఒక్క వాయికే కూలబడుతాండాడు. పైకి మెడ అట్లుండాది గాని, లోపల గుల్ల. పాపం, ఆయప్ప ముందుగా కూకుంటే నలుగురిలో నామోషీ గదా? అందుకని నేనే నాలుగుసార్లు దగ్గుతా. నన్ను చూసి కూకున్న్యట్టు ఉంటాదని. ఎవరితోనూ అనొద్దండి."

నాకు నవ్వు ఆపుకోవడం కష్టమైంది. ఊరు చేరాక మోషేను పక్కకు పిలిచి ఈ మాట చెప్పాను. ఆయన ఒక్క క్షణం నోరు తెరిచాడు, తర్వాత ఆ లావు మెడంతా ఊగేట్టు నవ్వాడు.

"వాడట్లనుకుంటాండాడా! అనుకోనీ సారూ. శానా మంచిది. మీరూ అదే చెప్పండి. మోషేకు లోపల గుల్ల అని ఊరంతా చెప్పండి. ఎవరన్నా కాదంటే నన్ను అడగమనండి, నేనే ఒప్పుకుంటా."

నేను నంద్యాలలో ఇంకో ఏడాది ఉన్నాను. ఆ ఏడాదంతా టీ బంకుల దగ్గర, చర్చి మెట్ల మీద, రైలు స్టేషనులో, దొరికిన ప్రతి మనిషికీ మోషే మేస్త్రీ లోపల గుల్ల, ఒక్క వాయికే కూలబడతాడని చెప్పాను. చివరికి ప్యాపిలి నుంచి వచ్చిన వడ్ల రైతు ఒకడు నాకే ఆ మాట చెప్పాడు. అతనికి టీ ఇప్పించాను.