రోమ్ నుంచి పారిస్‌కు, తడ మీదుగా

సూళ్లూరుపేటలో పరుపులు కుట్టే దరియావలి ఏ సంగతినైనా ఐరోపా విమానాల లెక్కలో చెబుతాడు. ఆయన ఇంతవరకూ విమానం మెట్టయినా తొక్కలేదు. గడ్డానికి మాత్రం ఎప్పుడూ కాస్త దూది అంటుకుని, అప్పుడే మబ్బుల్లోంచి దిగివచ్చినవాడిలా ఉంటాడు.

పక్కింటి నవోమి రోజూ లోకల్ రైల్లో చెన్నైలోని ఆఫీసుకు పోయొస్తుంది. ఒకసారి ఆయనకు పరుపు కుట్టమని ఇచ్చింది.

"ఎప్పుడిస్తావన్నా?"

"లండన్ నించి పారిస్‌కు పోయొచ్చేలోపల. మూడొందల యాభై కిలోమీటర్లే కదమ్మా! గాల్లో గంటంబావు."

పరుపు మూడోనాడు వచ్చింది.

"ఏందన్నా ఇది?"

"లండన్‌లో మంచు. విమానాలు లేవలా."

ఇంకోసారి పెళ్లింట్లో బిర్యానీ దమ్ము ఎంతసేపని ఎవరో అడిగితే, "వియన్నా నించి బుడాపెస్ట్" అన్నాడు. అదెంతసేపో తెలియక అడిగినాయన ఆకలితోనే ఇంటికి పోయాడు. రానురాను ఆయన ఎదురొస్తే జనం సందు మారసాగారు. నవోమి అయితే, రైల్లో కనపడితే పెట్టె మారేది.

ఆ పొద్దున ఆలస్యమై, అందిన పెట్టెలోకి ఎక్కేసింది. ఎదురుగా దరియావలి! పక్కన ఆయన భార్య ముంతాజ్ బేగం. గొంతులో గడ్డకు ఆమెకు చెన్నై ఆసుపత్రిలో రేడియేషన్ కరెంటు పెడుతున్నారు. కిటికీ బయట పొలాలన్నీ పొగమంచులో మునిగి, రైలు నిజంగానే మబ్బుల మీద పోతున్నట్టుంది.

"అదో, ఆ తెల్లగా కనపడేది సముద్రం. రోమ్ దాటేసినాం," అంటున్నాడు దరియావలి మెల్లగా. ముంతాజ్ కళ్లు మూసుకుంది.

"రోమ్ నించి పారిస్‌కు రెండు గంటలు. మన లోకల్ మద్రాసుకు పోయేదీ అంతేనమ్మా," అన్నాడు నవోమితో గొంతు తగ్గించి. "ఆసుపత్రి అంటే దీనికి వణుకు. ఏదన్నా చెప్పి మరిపిద్దామంటే మొదట్లో నాకు నోరు పెగల్లా. అందుకే ఊళ్లో కనపడినోళ్లందరికీ చెప్పి చెప్పి అలవాటు చేసుకున్నా."



తడ స్టేషన్లో రైలు ఆగింది. ముంతాజ్ సంచీ తీసుకుని చటుక్కున లేచింది.

"చాలు. ఇంక నా వల్ల కాదు. దిగిపోదాం."

"ఆల్ప్స్ కొండల మీదున్నాం ముంతాజ్. ఈడెట్లా దిగుతావు?"

ఆమె నవ్వలేదు. తలుపు వైపు అడుగేసింది. దరియావలి నోరు తెరిచాడు, మాట రాలేదు. అంత మాటకారికి మాట కరువవడం నవోమి అప్పుడే చూసింది. గబుక్కున లేచి, చున్నీ సర్దుకుని, ముంతాజ్‌కు అడ్డంగా నిలబడింది.

"మేడమ్, గాలి కుదుపులున్నాయి. దయచేసి సీట్లో కూర్చోండి. టీ తీసుకుంటారా, కాఫీనా?"

ముంతాజ్ తెల్లబోయి చూసింది. తన చేతిలో గుడ్డ సంచీ, ఎదురుగా ఈ ఎయిర్‌హోస్టెస్, పక్కన బిక్కచచ్చిన మొగుడు! కిసుక్కున నవ్వింది. నవ్వుతూనే కూర్చుంది. "టీ. చక్కెర తక్కువ."

రైలు కదిలింది. "అమ్మాయ్, నాకు కాఫీ!" అని అరిచింది చేపలగంప పెట్టుకున్నామె వెనక నుంచి.

గుమ్మిడిపూండిలో నిజం టీ వచ్చింది. ముంతాజ్ వేడి ఊదుకుంటూ మొగుడి వైపు తిరిగింది.

"రేపు వేరే ఊరికి పోదాం. ఆ రోమ్‌ను చూసి చూసి విసుగొచ్చింది."